అక్కను వెతుక్కున్న కప్పపిట్ట

వికాస్, లాస్యా, ఒక ప్రశ్న అడుగుతాను, తొందరపడకుండా చెప్పండి. పొద్దుగూకాక బీడులో ఒక పిట్ట అరుస్తుంది. అడవి వైపు నుంచి ఇంకొకటి అరుస్తుంది. రెండింటినీ పక్కపక్కన కూర్చోబెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. మరి మనం ఎలా గుర్తుపట్టాలి? తెలియదా? సరే, వినండి.

ఒకప్పుడు ఆ పిట్టలకు, అంటే కప్పపిట్టలకు, అరుపే లేదు. కప్పకున్నంత వెడల్పాటి నోరు ఉండేది. ఆ నోటితో ఎగిరే పురుగులను పట్టేవి, దగ్గరగా కూర్చుని గుసగుసలాడుకునేవి, అంతే. గూడు కట్టవు, నేలమీదే పడుకుంటాయి. ఒళ్లంతా ఎండుటాకు రంగు.

ఒక కొండవాలులో అక్కాచెల్లెళ్లు రెండు ఉండేవి. వాటి తల్లి పోతూ పోతూ ఒకటే మాట చెప్పింది.

"అలికిడి అయితే కదలకండి. కన్ను సన్నగా మూసి ఆకులా ఉండిపోండి. కన్ను మెరిసిందా, నక్క నోట్లో పడ్డట్టే."

ఒక సాయంత్రం మేకలమంద వాలంతా తొక్కుకుంటూ వచ్చింది. భయంతో అక్క అడవి వైపు ఎగిరింది, చెల్లెలు రాళ్లబీడు వైపు ఎగిరింది. మంద వెళ్లిపోయింది. అక్క తిరిగి రాలేదు.

చెల్లెలికి ఇంకెవరున్నారు? పొద పొదా వెతికింది. ఒక తంగేడు పొద దగ్గర రెక్కల చప్పుడు వినిపించింది. వెంటనే నేలకు అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టి, ఆ చప్పుడు పోయేదాకా కదల్లేదు.

అదంతా చూస్తున్న తీతువుపిట్ట పకపకా నవ్వింది.

"ఏమే, ఇందాకటిదాకా పొదకు అవతల ఆకులా నక్కి కూర్చుని ఎగిరిపోయింది మీ అక్కే కదా. ఇటు నువ్వొక ఆకు, అటు అదొక ఆకు. నోరు చూస్తే చెంబంత, ఒక్క కేక రాదేం?"

"ఎటు వెళ్లింది పిన్నీ?"

"అడవిలోకి. అది పోతుంటే వెనకనుంచి దానికీ ఇదే అరిచి చెప్పాను. గొంతు తెచ్చుకోండే, పిలుచుకోండి."

ఆ తీతువు నీళ్లు వెతుక్కుంటూ వేరే ఊరి చెరువుకు ఎగిరిపోయింది. చెల్లెలు బీడులో ఒక్కతే మిగిలింది. అంత అడవిలో ఏ ఆకు అక్కో ఎలా తెలుస్తుంది, పిలవాల్సిందే. మరి పిలుపు ఎక్కడ దొరుకుతుంది? అప్పుడే గుట్టమీంచి గులకరాయి జారి బండమీద పడింది. "చక్... చక్... చక్‌చక్‌చక్‌చర్ర్ర్" అంటూ ఎగిరెగిరి ఆగింది. బాగుందే అనుకుంది చెల్లెలు. గొంతు నొప్పెట్టేదాకా అదే సాధన చేసింది.

అడవిలో అక్కకు గులకరాళ్లెక్కడివి? అక్కడ వినిపించేది కట్టెలు కొట్టే గొడ్డలి. అక్క "టొంక్... టొంక్..." అని నేర్చుకుంది.

మునిమాపు వేళ చెల్లెలు పిలిచింది. తర్వాత అడవి అంచు నుంచి జవాబొచ్చింది. "టొంక్..."

మేమిద్దరం రెక్క మచ్చదాకా ఒకేలా ఉంటాం కదా, మా అక్కయితే నాలాగే అరుస్తుంది, ఇదెవరో పరాయి పిట్ట అనుకుంది చెల్లెలు. కన్ను సన్నగా మూసి ఆకులా అయిపోయింది. అక్క పిలిచి పిలిచి, తనూ అలాగే అనుకుని, వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాత ఎవరి పిల్లలు వాళ్లకు పుట్టారు. ఎవరి తల్లి గొంతు వాళ్లకు వచ్చింది.

అప్పటినుంచే చూడటానికి ఒక్కలా ఉండే ఆ రెండు పిట్టలకూ రెండు గొంతులు. గులకరాయి ఎగిరెగిరి ఆగినట్టు అరిస్తే బీడు పిట్ట. గొడ్డలి దెబ్బలా ఆగి ఆగి అరిస్తే అడవి పిట్ట. కంటితో పోల్చలేం, చెవి పెట్టాలి. ఒకసారి అరిచాక కాసేపు ఊరుకుంటాయి చూడండి, అక్క పలుకుతుందేమోనని ఒకటి, చెల్లెలు పలుకుతుందేమోనని ఇంకొకటి.

మనం వెళ్లి చెప్పొచ్చుగా అంటావా లాస్యా? చెప్పొచ్చు తల్లీ. కానీ మన అడుగు వినబడగానే ఆకులైపోతాయి. ఏ ఆకుకని చెప్తాం?

ఇక జరగండి, పప్పు రుబ్బడం సగంలో వదిలేసి వచ్చాను.