కిక్కిసలో జంట ముడి

అనగనగా ఒక ఊరు కాదే బుల్లీ, అనగనగా బోలెడన్ని నీళ్ళు. ఆ నీళ్ళ మధ్యలో ఇంత లంక, లంక మీద ఓ ఇరవై గుడిసెలు. ఆ నీళ్ళకి నల్లమడుగని పేరు. ముందా కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. నవ్వొచ్చే కథ చెప్పమన్నావు గానీ ఇవాళ నా నోటికి ఇదే వస్తోంది, నన్నేం చెయ్యమంటావు? ఊఁ కొడుతూ విను.

ఆ లంకలో నాంచారి అని ఒక పిల్ల ఉండేది. పెళ్ళీడు పిల్ల. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి పేరయ్యే ఎత్తుకున్నాడు, పేరయ్యే జడలేశాడు, పేరయ్యే దోనె నడపడం నేర్పాడు. దోనె అంటే తాటిమొద్దు తొలిచి చేసిన పడవ. పొడుగాటి గెడ నీళ్ళడుగున గుచ్చి తోస్తే ముందుకి పోతుంది. అలాంటివి వాళ్ళకి రెండుండేవి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

నాంచారికి పదహారేళ్ళు వచ్చేసరికి పేరయ్య కళ్ళకి పొరలు కమ్మాయి. మనిషి ఎదురుగా నిలబడితే నీడలా కనపడేదంతే. అయినా ఆయన ఊరికే కూర్చునేవాడు కాదు. చిన్న దోనె వేసుకుని దగ్గర్లో చేపలు పట్టుకొచ్చేవాడు. "కళ్ళెందుకే, చేతులున్నాయిగా" అనేవాడు.

చేతుల్తో దారెలా తెలుస్తుందంటావా? అదే చెప్తున్నా, కంగారు పడకు.

ఆ మడుగులో కిక్కిసని ఒక గడ్డి. మనిషి నిలబడితే మునిగిపోయేంత ఎత్తు. అది దుబ్బులు దుబ్బులుగా గాలికి కదులుతుంటుంది. పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి మూసుకుపోతుంది, ఇంకో చోట కొత్త దారి తెరుచుకుంటుంది. అందుకని ఆ లంక వాళ్ళకో పద్ధతుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ప్రతి మలుపులోనూ ఒక కిక్కిస పోచని ఇంటివైపు వంచి ముడేసి వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు ఆ ముడులు పట్టుకునే వస్తారు. వస్తూ వస్తూ ఎవరి ముడి వాళ్ళు విప్పేసుకోవాలి. విప్పకుండా వదిలేస్తే, రేపు దారి మారాక ఆ పాత ముడి నమ్ముకుని ఇంకొకడు ఎటో పోతాడు.

ఒకళ్ళ వెనకాల ఇంకొకళ్ళు వెళ్తే? అప్పుడా ముడి పక్కనే ఇంకో పోచ కడతారు. ఒంటి ముడి ఉంటే లోపల ఒకరున్నట్టు. జంట ముడి ఉంటే ఇద్దరున్నట్టు. ముందు తిరిగొచ్చినవాళ్ళు తమది విప్పుకుని, రెండోది అలాగే ఉంచి రావాలి. ఈ సంగతి పేరయ్య కూతురికి అన్నం తినిపిస్తూ చెప్పాడు, జడేస్తూ చెప్పాడు, తలంటుపోస్తూ చెప్పాడు. "చూసుకుని విప్పవే నాంచారీ. చూసుకుని విప్పు" అని.

ఒకరోజు ఆ మడుగు చూడ్డానికి పట్నం నుంచి ముగ్గురొచ్చారు. ఒక మేష్టారు, ఆయన భార్య, కెమెరా మెళ్ళో వేసుకున్న ఆయన తమ్ముడు. ఒడ్డున బస్సు దిగి, బల్లకట్టెక్కి లంకకొచ్చారు. నీళ్ళు చూసి, కొంగల్ని చూసి ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అమ్మాయీ, ఇంత అందమైన చోట ఉంటున్నావు, ఎంత అదృష్టవంతురాలివే!" అంది.

చూశావా, నాంచారికి ఆ మాట అంతకుముందు ఎవ్వరూ అనలేదు. నీళ్ళంటే ఆ పిల్లకి చేపలు, బురద, జలగలు. అందం అనేసరికి మొహం ఇంతయ్యింది. నా మడుగంతా చూపించేస్తానని పెద్ద దోనె తీసింది.

పేరయ్య గట్టు మీద నిలబడి ఆకాశం వైపు మొహం ఎత్తి గాలి వాసన చూశాడు. "వాన ఉందే. కలువలు చూపించి తీసుకొచ్చెయ్. నువ్వొచ్చాకే తింటాను" అన్నాడు.

"అలాగే నాన్నా" అంది నాంచారి.

అప్పుడు కలువల బయలుకి వెళ్ళారు. మూడు మలుపులు తిరిగింది, మూడు ముడులు వేసింది. తెల్ల కలువలు, ఎర్ర కలువలు కనుచూపు మేరంతా పరుచుకుని ఉన్నాయి. ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టి మురిసిపోయింది. "ఇంకేముంది అమ్మాయీ ఇక్కడ?" అన్నారు మేష్టారు.

ఆ తర్వాత కొంగల దిబ్బకి వెళ్ళారు. ఇంకో మూడు మలుపులు, ఇంకో మూడు ముడులు. దిబ్బ మీద చెట్టుకి వంద గూళ్ళు. అరుపులతో చెవులు చిల్లులు పడుతున్నాయి. తమ్ముడుగారు ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. "ఇంకా లోపలేముంది?" అన్నాడు.

నాంచారి ఆకాశం చూసింది. ఉత్తరాన నల్లగా కమ్ముకొస్తోంది. నాన్న మాట గుర్తొచ్చింది. లేదని ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోయేది బుల్లీ. కానీ ఆ పిల్లకి ఆశ. ఇంకొక్కసారి వాళ్ళ చేత బాగుందనిపించుకోవాలని.

"మునిగిన మండపం ఉందండీ. నీళ్ళలో స్తంభాలు నిలబడుంటాయి" అంది.

అంతే, మండపానికి వెళ్ళారు. ఇంకో మూడు ముడులు. మొత్తం తొమ్మిది.

ఇక్కడ లంక మీద పేరయ్య గట్టెక్కడం, దిగడం. గాలి మారింది. కూతురు రాలేదు. కూడు వండిన కుండ దగ్గరికి వెళ్ళాడు, ఒక గిన్నెలో అన్నం పెట్టి, పైన చేపల పులుసు వేసి, మూత పెట్టి గుడ్డలో కట్టాడు. పిల్లకి ఆకలేస్తుందని. తను మాత్రం మెతుకు ముట్టుకోలేదు. చిన్న దోనె లాక్కుని, పిల్ల వేసిన ముడులు చేత్తో తడుముకుంటూ బయల్దేరాడు. ఒక్కో ముడి పక్కన తనదొకటి కట్టుకుంటూ ఆరు మలుపులు దాటాడు. కొంగల దిబ్బకి చేరాడు.

అప్పుడు నాంచారి మండపం దగ్గర నుంచి వెనక్కొస్తోంది. తను వేసిన మూడు ముడులూ బుద్ధిగా విప్పుకుంటూ దిబ్బ దాకా వచ్చింది. అవి ఒంటి ముడులే, తప్పేం లేదు. దిబ్బ దగ్గర ఆవిడ "అమ్మాయీ, దిబ్బకి అటు పక్క కొంగపిల్లలున్నాయేమో, అటునుంచి తిప్పవూ" అంది. నాంచారి అటు తిప్పింది.

ఇటు పక్క నుంచి పేరయ్య వెళ్ళాడు.

"నాంచారీ!" అని కేకలు వేసే ఉంటాడు తల్లీ. ఆ కొంగల గోలలో, ఆ గాలిలో ఎవరికి వినపడుతుంది?

దిబ్బ దాటేసరికి వాన అందుకుంది. దూరంగా ఒడ్డున బస్సు హారన్ కొడుతోంది. ఆ పూటకదే ఆఖరి బస్సు. "త్వరగా, త్వరగా" అంటున్నారు మేష్టారు. ఆవిడ చీరంతా తడిసి వణుకుతోంది. నాంచారి ఒక చేత్తో గెడ వేస్తూ, ఒక చేత్తో ముడి దొరకబుచ్చుకుని లాగింది. రాలేదు. తడికి బిగుసుకుపోయిందనుకుని గట్టిగా గుంజింది. ఊడొచ్చింది. పారేసింది.

రెండో మలుపు దగ్గరా అంతే. మూడో మలుపు దగ్గర చేతికి లావుగా తగిలింది. ఇదేమిటా అనుకునేలోపు "అమ్మాయీ, బస్సు!" అని అరిచాడు తమ్ముడుగారు. గుంజేసింది. నాలుగోదీ గుంజింది. ఐదోదీ గుంజింది.

ఆరో ముడి లంక పక్కనే, గట్టుకి నాలుగు బారల దూరం. దాన్నీ గుంజింది. ఈసారి మాత్రం పారెయ్యబోతూ చేతిలోకి చూసుకుంది.

రెండు పోచలు.

ఒకటి తను కట్టింది. రెండోది ఎడమచేతి వాటంగా తిప్పిన ముడి. లంక మొత్తం మీద అలా తిప్పేవాడు ఒక్కడే.

పట్నం వాళ్ళు ఒక్క గెంతు గెంతి గట్టెక్కారు. "చాలా బాగుంది అమ్మాయీ, మళ్ళీ వస్తాం!" అంటూ బల్లకట్టు వైపు పరిగెత్తారు. వాళ్ళకేం తెలుసు పాపం. నాంచారి ఇంటికి పరిగెత్తింది. తలుపు తీసే ఉంది. రెండు కంచాలు బోర్లించే ఉన్నాయి. చిన్న దోనె కట్టే గుంజ దగ్గర దోనె లేదు.

"నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది. మళ్ళీ దోనె ఎక్కింది. కానీ ఎక్కడికి వెళ్తుంది? ముడులన్నీ తనే పీకేసింది. గాలికి కిక్కిస కదిలిపోయింది. కలువలకి వెళ్ళే దారే లేదక్కడ. గోడ కట్టినట్టు గడ్డి. గెడతో కొట్టింది, చేతుల్తో చీల్చింది. అరచేతులు కోసుకుపోయి రక్తాలు కారాయి. లంక జనం వచ్చి, నలుగురు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు.

అక్కడ పేరయ్య ఏమనుకుని ఉంటాడో చెప్పనా? దిబ్బ దాటాక తడుముకున్నాడు, ముడి లేదు. ముడి లేదంటే మనిషి తిరిగెళ్ళిపోయినట్టు కదా. అమ్మయ్య, నా తల్లి ఇంటికి చేరిపోయింది అనుకుని ఉంటాడు. నవ్వుకుని కూడా ఉంటాడు. ఇక నా ముడులు పట్టుకుని నేనూ వెళ్ళిపోతానని దోనె తిప్పి ఉంటాడు. నేను నేర్పిన పిల్ల, నాది ఉంచే ఉంటుంది అని చెయ్యి చాపి ఉంటాడు.

చెయ్యి చాపితే ఏముంది? ఏమీ లేదు.

ఏడవకే. నువ్వేడిస్తే నేను చెప్పలేను. ఊఁ కొట్టు.

మొదటి రోజు వెతికితే గెడ దొరికింది. రెండో రోజు వెతికితే తలపాగా దొరికింది. మూడో రోజు దోనె దొరికింది. ఖాళీ దోనె. అందులో గుడ్డకట్టు ఉంది, గుడ్డలో గిన్నె ఉంది. మూత తియ్యలేదు. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ దోనె చుట్టూ కిక్కిసకి ముడులే ముడులు. అన్నీ ఎడమచేతి వాటం ముడులు. దారి దొరక్క, తిరిగిన ప్రతి చోటా ఒకటి కట్టుకున్నాడు. నాంచారి వాటిని పట్టుకుని వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు, అలా వెళ్ళి వెళ్ళి మళ్ళీ మొదటి ముడి దగ్గరికే వచ్చింది. పాపం ఆ చూపులేని మనిషి అక్కడక్కడే తిరిగాడు బుల్లీ. కొంగల దిబ్బకి కూతవేటు దూరంలోనే.

మనిషి మాత్రం దొరకలేదు.

లంక పెద్దలు "ఆ ముడులు విప్పెయ్యమ్మా, ఇంకొకళ్ళు దారి తప్పుతారు" అన్నారు. నాంచారి వాళ్ళ కాళ్ళు పట్టుకుంది. "తిరిగొచ్చిన మనిషి ముడే కదండీ విప్పాలి. మా నాన్న రాలేదు" అంది. అందరూ తలలు దించుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు.

మళ్ళీ ఏడు పట్నం మేష్టారు, ఆయన భార్య వచ్చారు. చుట్టాలనీ వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ నాంచారిని గుర్తుపట్టి దగ్గరికి తీసుకుంది. "ఎంత చిక్కిపోయావే! మీ నాన్నగారు కులాసానా? ఆ రోజు గట్టు మీద నిలబడ్డారు" అంది.

"లోపలికి వెళ్ళారండీ" అంది నాంచారి. "ఇంకా రాలేదు."

"వచ్చాక మేం అడిగామని చెప్పు" అంది ఆవిడ.

నాంచారి తలూపింది. పెద్ద దోనె తీసి వాళ్ళందరినీ ఎక్కించుకుంది. కలువల బయలుకి తీసుకెళ్ళింది, కొంగల దిబ్బకి తీసుకెళ్ళింది. మండపానికి మాత్రం తీసుకెళ్ళలేదు, ఎంత అడిగినా తీసుకెళ్ళలేదు. ప్రతి మలుపులోనూ రెండు పోచలు కట్టింది. ఒకటి కుడిచేతి వాటం, ఒకటి ఎడమచేతి వాటం. వచ్చేటప్పుడు దోనె ఆపి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుని, తనది మాత్రం విప్పుకుంది. వాన పడుతున్నా సరే, ఎవరు తొందరపెట్టినా సరే. దోనెలో వాళ్ళు ఈ పిల్లకి మతిపోయిందా అని చెవులు కొరుక్కున్నారు.

అలా ఎన్నేళ్ళు చేసిందనుకున్నావ్? చెయ్యి వణికేదాకా చేసింది. దారి మారితే పాతది తీసి కొత్త మలుపులో కట్టేది, పోచ ఎండితే పచ్చిది కట్టేది. రోజూ రెండు కంచాలు కడిగేది. ఒకదాంట్లో తినేది, ఒకటి బోర్లించేది.

దొరికాడా అని అడుగుతున్నావా? లేదమ్మా. దొరికాడని చెప్పాలనే ఉంది నాకూ. చెప్తే నువ్వూ హాయిగా పడుకుంటావు, నేనూ పడుకుంటాను. కానీ దొరకలేదు.

ఇటు రా. నా పక్కకి జరుగు. నీ గౌను తాడు ముడిపడింది, అలా గుంజకు. ఇలా ఇయ్యి, చూసి విప్పుతా. ఊఁ, ఇప్పుడు కళ్ళు మూసుకో.

గాలి పోయె గడ్డికి, గడ్డి వంగె నీటికి,
అన్నముంది గిన్నెలో, గిన్నె చేరదింటికి,
కథ చేరె కంచికి, మనం చేరాం ఇంటికి,
పేరయ్య ఒక్కడే రాలేదమ్మా గట్టుకి.