వచ్చేదారి పల్లమన్న నక్క

లెక్కల్లో నేను మూడుసార్లు తప్పి, నాలుగోసారి పరీక్షకే వెళ్లనివాణ్ణి. కాబట్టి ఈ నక్కను చూసి నవ్వే అర్హత నాకు లేదు. మీరు నవ్వుకోండి.

శంషాబాద్ విమానాశ్రయంలో కార్లు ఆపే చోటు దాటితే కంచె, కంచె అవతల రాళ్లనేల. ఆ రాళ్ల మధ్య ఒక తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. పొద్దుగూకేలోగా పిల్లలయ్యేలా ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే నక్క దిగబడింది.

"అపశకునం పిట్టా, గుడ్లిచ్చేసి నోరు మూసుకో."

"నోరు మూసుకుంటే నన్ను తీతువంటారా బావా? ఒక్క కూత కూశానంటే కాపలావాళ్లు కర్రలతో వస్తారు. మొన్నటి దెబ్బ మానిందా?"

నక్క నడుం తడుముకుంది. "గొడవెందుకు మరదలా, పందెం వేద్దాం. నేను చదువుకున్నవాణ్ణి. అద్దం తలుపుల్లోంచి రోజూ బోర్డు చదువుతా. ఎనిమిదికి ఇక్కడ లేచిన విమానం ఒంటిగంటకు బ్యాంకాక్‌లో దిగుతుంది. ఐదు గంటలు. రెండుకు అక్కడ లేస్తే నాలుగుకి ఇక్కడ! రెండే గంటలు!"

"దూరం ఒకటే కదా? సుమారు రెండువేల నాలుగొందల కిలోమీటర్లు. పోతే ఐదు, వస్తే రెండా?"

"పోయేదారి ఎత్తు, వచ్చేదారి పల్లం. సైకిలు తొక్కినవాడికి తెలుస్తుంది."

పక్కన నెమరేస్తున్న బర్రె దవడ ఆపింది. "నువ్వెప్పుడు తొక్కినవ్‌రా సైకిలు?"

తీతువు అంది: "సరే. వచ్చే ప్రయాణం రెండు గంటలే అయితే గుడ్లు నీవి, కిక్కురుమనను. ఎక్కువైతే ఈ కంచె వైపు మళ్లీ రావద్దు. బర్రెత్త సాక్షి."

"నా కొమ్ములు కూడా," అంది బర్రె.

నాలుగింటికి బ్యాంకాక్ విమానం దిగింది. ఏ గుడ్డు ముందు తినాలా అని నక్క వాసన చూస్తూ కూర్చుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఐదు కావస్తుండగా ఆ విమానంలో వచ్చిన ఒకావిడ కారు దగ్గరికొచ్చి, పిల్లి ఉన్న బుట్టను కంచె పక్కన దించింది.

"పిన్నీ, బ్యాంకాక్ నుంచి ఎంతసేపు పట్టింది?" అనడిగింది తీతువు.

"మూడున్నర గంటలు! కాళ్లు తిమ్మిరెక్కాయి," అంది బుట్టలోంచి పిల్లి.

నక్క ఎగిరి లేచింది. "అబద్ధం! రెండుకు లేచారు, నాలుగుకి దిగారు!"

"ఆ రెండు అక్కడి గడియారంలోది నాయనా. అప్పటికి మీకు పన్నెండున్నరే. అదిగో, మా అమ్మగారిని చూడు."

ఆవిడ వాచీ ముల్లును గంటన్నర వెనక్కి తిప్పుతోంది. నక్క కళ్లు బయటికొచ్చాయి.

"ఓరి నాయనో! కాలాన్ని చేత్తో వెనక్కి తిప్పేస్తున్నారు! మరి పొద్దున పోయేటప్పటి ఐదు గంటల సంగతో?"

"అదీ మూడున్నరే," అంది తీతువు. "సూర్యుడు వాళ్లని ముందు లేపి, ఆ తర్వాతే మన దగ్గరికొస్తాడు. నాకు బోర్డు చదవడం రాదు బావా, తెల్లారడం చూడటం వచ్చు."

"మరి పల్లం?"

"గిదిగో, గిక్కడుంది," అంటూ బర్రె కొమ్ములు వంచింది.

నక్క లగెత్తింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండటంతో దారిలో ఒక ఈగ లోపలికి పోయింది. ఆ పూటకి దానికి దొరికిన తిండి అదే.

నీతి: ఎంతసేపని లెక్కేసే ముందు, అది ఏ ఊరి గడియారమో అడగాలి.