ఏసీ బస్సులో ఓర్చినవాడు

"గురువుగారూ, ఓర్పు ఎంతవరకు పట్టాలండీ?" అని సోమలింగం అడిగింది భీమవరంలో, నెల్లూరు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉన్నప్పుడు.

పానకాలదాసు గారికి ఒక అలవాటుంది. నిలబడి అడిగిన ప్రశ్నకి నిలబడి సమాధానం చెప్పరు. "కూర్చున్నాక చూద్దాంలే" అన్నారు. ఊరూరా హరికథలు చెప్పి తల నెరిసిన మనిషి. ఎవరు ఏ ప్రశ్న ఎందుకడుగుతున్నారో ఆయనకి ఇట్టే తెలుస్తుంది. సోమలింగం అడిగింది తెలుసుకోవడానికి కాదు, "నీకున్నంత ఓర్పు ఇంకెవరికుందిరా!" అనిపించుకోవడానికి. వెనకాల మృదంగం మోసుకుంటూ నిలబడ్డ నాకే ఆ సంగతి తెలిసిపోతే, ఆయనకి తెలియకుండా ఉంటుందా?

సోమలింగానికి ఓర్పు లేదని నేననను. గురువుగారి భార్య ఉప్పు వెయ్యడం మరిచిపోయిన ఉప్మాని మారడిగి మరీ తిన్నవాడు. కథ మధ్యలో నేనొకసారి తాళం తప్పితే పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే, తను ఓర్చుకుంటున్నట్టు పక్కవాళ్ళకి తెలియకపోతే మాత్రం ఓర్చుకోలేడు. "ఓర్చినమ్మకు తేటనీరు" అన్న సామెత రోజుకొక్కసారైనా అతని నోట వినాల్సిందే.

ఆ సాయంత్రం నెల్లూరులో మా కథ. అది మామూలు కథ కాదు. గురువుగారి గొంతు రెండేళ్ళ కిందటే అరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన వెనక వంత పాడిన సోమలింగం ఆరోజు మొదటిసారి తానే ముందు నిలబడి, కథంతా ఒంటిచేత్తో నడిపించాలి. నడిపిస్తే గురువుగారి గజ్జెలు అతనివి. లేకపోతే మా మేళానికి ఆ రోజుతో మంగళం పాడెయ్యడమే. గజ్జెల సంచి ఇంకా గురువుగారి చేతిలోనే ఉంది. సోమలింగం గొంతు మీద మా అందరి అన్నం ఆధారపడి ఉంది. అందులో నాదీ ఉంది కాబట్టి ఆ గొంతంటే నాకు అతనికన్నా భయం ఎక్కువ.

బస్సెక్కాం. బయట వైశాఖమాసం, లోపల పుష్యమాసం. కిటికీలోంచి చూస్తే కాలవలో గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టుకుని మునిగి ఉన్నాయి. రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. లోపల జనం పెట్టెలు విప్పి, పెళ్ళికి పెట్టుకున్న పట్టుచీరలు కూడా తీసి కప్పుకుంటున్నారు. గురువుగారూ సోమలింగం మూడో వరసలో కూర్చున్నారు. నేను వాళ్ళ వెనక సీట్లో కూర్చుని నా దుప్పటి మృదంగానికి కప్పాను. చలికి తోలు బిగుసుకుంటే సాయంత్రం శ్రుతి కుదరక నేను చావాలి. మనిషి బిగుసుకుంటే కాస్త కాఫీ పోసి సరిచెయ్యొచ్చు.

ఆ బస్సులో ప్రతి సీటు నెత్తిమీదా చల్లగాలి వచ్చే గుండ్రటి కన్నం ఒకటుంది. దానికో చిన్న మూత. కొన్నింటికి మూత తిరుగుతుంది, కొన్నింటికి తిరగదు, కొన్నింటికి అసలు మూతే లేదు. పక్క వరసలో సత్తిరాజు గారని రొయ్యల వ్యాపారి ఉన్నారు. ఆయన కాసేపు వణికి, "మా రొయ్యల్ని ఐసులో పెట్టి పంపేటప్పుడు వాటికెలా ఉంటుందో ఇన్నాళ్ళకి తెలిసిందండీ" అంటూ లేచి తన కన్నంలో పేపరు కుక్కారు. ముందు వరసలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్న మామ్మగారు పిల్ల సాక్సు ఒకటి కుక్కింది. నేను మృదంగం తుడిచే గుడ్డ కుక్కాను. గురువుగారి నెత్తిమీది కన్నంలో సత్తిరాజు గారే భక్తిగా మరో పేపరు కుక్కి పెట్టారు.

ఒక కన్నం మూస్తే ఆ గాలి ఎక్కడికీ పోదు, పక్క కన్నంలోంచి వస్తుంది. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా మూసేవాళ్ళే అనుకోండి. ముందునుంచి వెనకదాకా ఒకటొకటే మూతపడుతూ వచ్చాయి. చివరికి బస్సు మొత్తానికి నోరు తెరుచుకుని మిగిలింది ఒక్కటే. అది సోమలింగం నెత్తిమీద ఉంది. మూత లేని కన్నం. పేపరు ఇవ్వబోతే వద్దన్నాడు. బస్సు చలంతా కట్టకట్టుకుని వచ్చి అతని నడినెత్తిన పడుతుంటే, వెన్ను నిటారుగా పెట్టి, పెదవుల మీద చిరునవ్వుతో కూర్చున్నాడు.

"చలేస్తోందా, సోమలింగం?" అన్నారు గురువుగారు.

"అబ్బే, లేదండి."

గురువుగారు కండువా చెవులదాకా లాక్కున్నారు. చీరాల వచ్చేసరికి మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే జవాబు. ఆయనింక అడగలేదు.

ఈసారి సత్తిరాజు గారు ఉండబట్టలేక అడిగారు. "ఏవండీ, నిజంగానే చలెయ్యట్లేదా మీకు?"

సోమలింగం కళ్ళు సగం మూసి, "చలి శరీరానిదండీ. మనది కాదు" అన్నాడు.

సత్తిరాజు గారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. "బాబోయ్, మా రొయ్యలు కూడా ఇంతసేపు తట్టుకోలేవండీ! మీరు మామూలు మనిషి కాదు." ఆ మాట సీటు సీటుకీ పాకి వెనకదాకా పోయింది. జనం లేచి వచ్చి చూసి వెళ్ళారు. ఒకాయన వచ్చి తన కొడుక్కి ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పమన్నాడు. మామ్మగారు ఏడుస్తున్న మనవరాలిని ఎత్తి, "చూడమ్మా, ఆ మావయ్య ఎంత బుద్ధిగా కూర్చున్నాడో" అని చూపించింది. పిల్ల సోమలింగం మొహం చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి మరి. చిరునవ్వు మాత్రం అలాగే గడ్డకట్టి ఉంది.

నాకు అతని మీద ఒళ్ళు మండింది. ఆ చలిలో మండింది అదొక్కటే. లేచి నాలుగడుగులు వేసి డ్రైవరుతో ఒక్కమాట చెబితే తీరిపోయేదానికి ఇంత తపస్సెందుకు? పోనీ నేను చెబుదామంటే, మహానుభావుడొకడు అంత నిబ్బరంగా కూర్చున్న బస్సులో చలేస్తోందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇక సోమలింగం సంగతి చెప్పాలా? అందరి దండాలూ అందుకున్నాక అతను లేచి వెళ్ళి ఏసీ తగ్గించమనడం ఎలా? చలి శరీరానిదని చెప్పి ఇంకా గంటన్నా కాలేదు.

ఒంగోలు దాటాక భోజనాలకని బస్సు ఆపారు. అందరూ ఎండలోకి దూకి, తడిసిన కోళ్ళలా రెక్కలు చాచుకుని నిలబడ్డారు. సోమలింగం మెల్లగా దిగి టీకొట్టు దగ్గరికి వెళ్ళి, "వేడినీళ్ళు" అని అడగబోయాడు. మాట రాలేదు. మళ్ళీ నోరు తెరిచాడు. తుప్పుపట్టిన గేటు తీసినట్టు కీచుమని ఒక చప్పుడొచ్చింది, అంతే. ముక్కు మాత్రం ధారగా కారుతోంది. ఓర్చినమ్మకు తేటనీరు ఏ దారిన వస్తుందో సామెతలో చెప్పలేదు.

అతను గొంతు పట్టుకుని మా వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. కథకి నాలుగైదు గంటలు కూడా లేవు. ఇన్నేళ్ళు ఆ గొంతుకి పోసిన మిరియాల పాలన్నీ ఒక్క బస్సు ప్రయాణంలో గంగలో కలిశాయి. గురువుగారు గజ్జెల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. సోమలింగం ఆ సంచి వంక చూశాడు. చూసి, గిరుక్కున తిరిగి డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

డ్రైవరు స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, మండుటెండకి వీపు పెట్టి, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. సోమలింగం అతనికి చెప్పాలనుకున్నాడు. గొంతు ఉన్నంతసేపూ నోరు తెరవలేదు, నోరు తెరిచేసరికి గొంతు లేదు. ఇక చేసేదేముంది, అభినయించాడు. నెత్తిమీద నుంచి గాలి దూకడం, పళ్ళు టకటకలాడటం, చేతులు కొంకర్లు పోవడం, గొంతు మూగబోవడం, చివర్న వేళ్ళతో మీట తిప్పి తగ్గించమన్న ప్రార్థన. అన్నం తింటున్నవాళ్ళు ఆకుల ముందునుంచి లేచి వచ్చి చూశారు. అతను అంత బాగా అభినయించడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఏంది సామీ, చలేస్తందా?" అన్నాడు డ్రైవరు ఆశ్చర్యపోయి. "ఆ ముక్క పొద్దుటాల నుంచి ఒక్కరన్నా అన్నారా? నేనే గడ్డకట్టుకుపోతన్నా. పోయిన వారం ఎవరో ఉక్కపోస్తందని ఓనరుకి ఫోను చేసి నన్ను తిట్టించాడు. అందుకని తగ్గిద్దామనుకున్నప్పుడల్లా అద్దంలో మిమ్మల్నే చూశా. ఈయన గాలి కిందే కూర్చోని హాయిగా నవ్వుకుంటా ఉన్నాడు, జనానికి బాగానే ఉన్నట్టుందిలే అని వదిలేశా."

సత్తిరాజు గారు ఇందాక పెట్టిన దండం వెనక్కి తీసుకునే దారి వెతుక్కుంటున్నట్టు చేతుల వంక చూసుకున్నారు. ముందుగా మామ్మగారే తేరుకుంది.

"అయితే మా పిల్లని ఇంతసేపూ ఏడిపించింది నువ్వా నాయనా? అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు అడక్కపోగా, ఆ నవ్వొకటి పెట్టి మా నోళ్ళు కూడా నొక్కేశావు కదయ్యా!" అని చెడామడా దులిపేసి, ఆ నోటితోనే, "ఇదిగో, ఈ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకో. మాట్లాడకు. ఇందాకా మాట్లాడలేదుగా, ఇప్పుడూ మాట్లాడకు" అంది.

డ్రైవరు ఎక్కగానే తన చేతి పక్కనే ఉన్న మీట కొంచెం తిప్పాడు. అంతే. ఆపైన నెల్లూరు దాకా జనం పట్టుచీరలు మడతపెట్టుకుంటూ, మామిడిపళ్ళు కోసుకు తింటూ, కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. సోమలింగం మాత్రం కరక్కాయ చప్పరిస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి గొంతు సగం వచ్చింది. వచ్చిన ఆ సగం కూడా బోరుబావి పంపు గొంతులా ఉంది.

నెల్లూరులో సభ నిండిపోయింది. ఎండకి కళాకారులు తట్టుకోలేరని కమిటీవాళ్ళు ఎంతో ప్రేమగా, మనిషంత ఎత్తు కూలరొకటి తెచ్చి, వేదిక పక్క అంచున, గాలి సరిగ్గా కథకుడి మొహానికి కొట్టి ముందు వరస మీదికీ పోయేలా పెట్టారు. "మీకోసమే ప్రత్యేకంగా తెప్పించినాం సామీ" అన్నాడు కార్యదర్శి మురిసిపోతూ. సోమలింగం వేదిక మధ్యకి వచ్చి నిలబడ్డాడు. గాలికి అతని పంచె తెరచాపలా ఎగురుతోంది. మృదంగం ముందు కూర్చున్న నాకు అతని మొహం బాగా కనిపిస్తోంది. బస్సులో చూసిన ఆ చిరునవ్వే మళ్ళీ పెదవుల దాకా వచ్చింది. అయిపోయింది, ఇక ఇంటికెళ్ళి కొబ్బరికాయల కొట్టు పెట్టుకోవచ్చు అనుకున్నాను.

సోమలింగం ఆ నవ్వు మింగేసి, చేతులు జోడించి, ఉన్న కాస్త గొంతుతో అన్నాడు:

"అయ్యా, ముందు ఆ కూలరు ఆపించండి. నాకు చలేస్తోంది."

అతను ముందు నిలబడి చెప్పిన మొదటి కథలో మొదటి మాటలు అవి. చెమటలు కారుతున్న జనం ఘొల్లున నవ్వారు. కూలరు ఆగింది. ముందు వరసలో ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు చెవులకి చుట్టుకున్న తువ్వాళ్ళు విప్పి, అమ్మయ్య అనుకుని కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. గురువుగారు మెట్లెక్కి వచ్చి, పొద్దుట్నుంచీ వదలకుండా పట్టుకున్న సంచి విప్పి, గజ్జెలు సోమలింగం చేతిలో పెట్టారు. కథ ఇంకా మొదలుకాలేదు.

కథ అద్భుతంగా సాగిందని అబద్ధం చెప్పను. పాడాల్సిన పద్యాలు సగం మాటల్లోనే చెప్పాడు. నేను దరువు బాగా తగ్గించాను. జనమే ముందుకి జరిగి చెవులొగ్గి విన్నారు. ఎవరూ మధ్యలో లేచి పోలేదు.

ఆ తర్వాత కమిటీవాళ్ళ భోజనాల దగ్గర, చారు అన్నంలోకి వచ్చాక, సోమలింగం గురువుగారి వైపు ఒరిగి బొంగురుగొంతుతో, "పొద్దున్న నేనడిగినదానికి మీరింకా చెప్పలేదండీ" అన్నాడు. "రెండుసార్లు నన్ను చలేస్తోందా అని అడిగి ఊరుకున్నారు. నేను లేదన్నా, పక్కనే ఉన్న మీకు తెలియలేదాండీ?"

గురువుగారు చారు జుర్రుకుని, విస్తరి వంకే చూస్తూ అన్నారు:

"అప్పటికే చలికి నా ప్రాణం పోతోందిరా. శిష్యుడే లేదంటుంటే నేనెలా చెప్పను? రేపు తిరుగు బస్సులో నాకు చలేస్తుంది. ఇప్పుడే చెబుతున్నాను."