చాలు అన్న చిలుక

వాగులకు కావలి అక్కర్లేని కాలంలో ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యమంతా సిరివాగు ఒక్కదాని మీదే బతికేది. ఒకనాడు బకదంతుడనే మాంత్రికుడు వచ్చి, వాగు మొత్తాన్నీ కూజాలోకి పీల్చుకుని ఏడు సముద్రాల అవతలికి పట్టుకుపోయాడు. దాహమై కాదు. కనబడింది గనుక పట్టుకుపోయాడు, అంతే.

పైర్లు మాడాయి. పశువులు కూలబడ్డాయి. పెద్దకొడుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. మూడోవాడు శరభుడు బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున మామిడితోపు ఉంది. శరభుడు కడుపునిండా తిన్నాడు. తిన్నాక కూడా చేయి ఊరుకోలేదు. కోసి కోసి పెద్ద మూట కట్టాడు. ఒక ముసలి తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుంది. మొదటి సముద్రంలో నీళ్లు అతని పాదాలకు తగిలాయి. రెండో సముద్రంలో మోకాళ్లకు వచ్చాయి. మూడో సముద్రంలో తాబేలు ఈదడం మానేసింది.

“అబ్బాయ్, నిన్ను మోస్తానన్నాను. నీ రేపటినీ ఎల్లుండినీ కూడా మోస్తానన్నానా?”

శరభుడికి ఒళ్లు మండింది. అయినా మూట విప్పి చూస్తే సగం పళ్లు కుళ్లి ఉన్నాయి. తలవంచుకుని అన్నీ నీళ్లలో వదిలేశాడు. తాబేలు మిగతా సముద్రాలు తేలిగ్గా దాటించింది.

మాంత్రికుడి కోటలో మంజిష్ఠ అనే రాజకుమార్తె చెరలో ఉండి వాడికి వడ్డిస్తోంది. ఎంత పెట్టినా వాడు “ఇంకా” అంటాడు. పంజరంలో చిలుక కూడా “ఇంకా” అంటుంది. ఆ ఇంట్లో అది విన్న మాట అదొక్కటే. వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉందని, దాని మెడ పట్టుకోబోయిన అన్నలిద్దరూ రాళ్లయి గుమ్మంలో నిలబడ్డారని మంజిష్ఠ చెప్పింది. చిలుక చస్తే కూజాలో నీళ్లూ ఇంకిపోతాయట.

శరభుడికి దారి తోచలేదు. ముందు అన్నం తినమని మంజిష్ఠ పంజరం పక్కనే విస్తరి వేసింది. అతను తిన్నాడు. ఆమె మళ్లీ వడ్డించబోయింది. కుళ్లిన మామిడిపళ్లు గుర్తొచ్చి, విస్తరి మీద చేయి అడ్డం పెట్టి “చాలు” అన్నాడు.

చిలుక తల పక్కకు వంచి చూసింది. ఇద్దరూ అది గమనించారు.

“మళ్లీ వడ్డిస్తాను, మళ్లీ అనండి” అంది మంజిష్ఠ.

“కడుపు నిండిపోయింది కదా.”

“నిండితేనే కదా ఆ మాట నిజంగా వచ్చేది.”

పూటపూటా అలాగే చేశారు. మొదటి పూట చిలుక “ఇంకా” అంది. రెండో పూట ఊరుకుంది. మూడో పూట మెల్లగా “చాలు” అంది.

లోపల బకదంతుడు నోటిదాకా తెచ్చిన ముద్దను కిందపెట్టేశాడు. వాడి మంత్రాలన్నీ ఆ ఆకలిలోంచి పుట్టినవే. ఆకలి తీరగానే ఒట్టి ముసలివాడై, కాస్త మజ్జిగ అడిగి తాగి, నిద్రపోయాడు. గుమ్మంలోని రాళ్లు మనుషులయ్యాయి.

నలుగురూ కూజా తీసుకుని తాబేలు వీపున తిరిగొచ్చి, వాగు పుట్టిన కొండెక్కారు. సగం ఒంపాక అన్నలు అడ్డుపడ్డారు. “మిగతాది దాచరా తమ్ముడూ. కరువొస్తే మనకుంటుంది.”

శరభుడి చేయి ఆగింది. దాచాలనే అనిపించింది.

“వాగు దిగువన ఎన్ని ఊళ్లున్నాయో తెలుసా అన్నా?” అని, చివరి చుక్కదాకా ఒంపేసి, కూజాను బండకేసి కొట్టాడు.

శరభుడు మంజిష్ఠను పెళ్లాడి, తల నెరిసి ముగ్గుబుట్టయ్యేదాకా రాజ్యమేలాడు. కింది ఊళ్లలో అతని పేరు ఎవరికీ తెలియదు. నీళ్లు మాత్రం వస్తున్నాయి.