లంబకంఠుడి సెలవు చేప

ఈ కథ అబద్ధమనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి చివరిదాకా వినండి. అప్పటికి ఆ చెయ్యి దానంతట అది దిగకపోతే, చెప్పిన నోరు ఇక జన్మలో కథ చెప్పదు.

అనగనగా, ఏరులన్నీ తియ్యగా పుట్టి ఉప్పగా ముగిసే చోట ఒక సరస్సు. ఎంత పెద్ద సరస్సంటే, ఈ ఒడ్డున ఎవరైనా తుమ్మితే ఆ ఒడ్డునుంచి "చిరంజీవ" అన్న మాట మర్నాటికి గాని వచ్చేది కాదు. దాని నడుమ నత్తలదిబ్బ. దిబ్బ మీద పక్షులు. కొంగలు, పరజలు, లకుముకులు, నీటికాకులు. అవన్నీ ఒక్కసారి లేస్తే సూర్యుడు దారి తప్పి, ఏ వైపు పడమరో కొంగల్ని అడిగి తెలుసుకునేవాడు.

ఆ దిబ్బకు ఒక పెద్ద ఉండేవాడు. పెద్దరికానికి నిలబడదలచినవాడు ఈకల శాలువ కప్పుకుని సరస్సంతా ఎగురుతూ, నన్ను ఎన్నుకోండని అడగాలి. అది అక్కడి ఆచారం. ఆ శాలువకు తన ఈకలు పనికిరావు. తనను నమ్మినవాళ్ళు తమ ఒంటినుంచి తెంపి ఇవ్వాలి. ఈక తెంపుకుంటే రక్తం చిమ్ముతుంది. ఆ నొప్పి ఓర్చి ఇచ్చాడంటేనే నమ్మినట్టని పూర్వులు అలా పెట్టారు.

అప్పట్లో దిబ్బకు పెద్ద, లంబకంఠుడనే గూడబాతు. వాడి ముక్కు కింద ఒక తిత్తి. తిత్తి అంటే అలాంటిలాంటి తిత్తి కాదు. ఒక్కసారి ముంచి ఎత్తాడంటే సరస్సు అడుగున మట్టగిడస చేపలు ఎండకు కళ్ళు చికిలించేవి. ఆ తిత్తిలోంచి వచ్చే మాట మాత్రం తేనె.

ఆ ఏడు మళ్ళీ గడువు వచ్చింది. లంబకంఠుడు గూడు గూడుకూ తిరిగాడు.

"ఉత్తరపు గాలికి మన పిల్లలు వణికిపోతున్నారు. ఈ ఒక్కసారి నిలబెట్టండి. దిబ్బకు ఉత్తరాన తుంగతో దడి కట్టిస్తాను. గాలి లోపలికి రావాలంటే నా అనుమతి అడిగి రావాలి" అన్నాడు.

ఆ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో గొంతెమ్మ ఒకతె. గొంతెమ్మ తీతువు. ఆకాశం ఎక్కడ విరిగి పడుతుందోనని కాళ్ళు పైకెత్తి పడుకునే జాతి. చెట్టు మీద గూడు కట్టదు. బయలు నేల మీద, గులకరాళ్ళ నడుమ గుడ్లు పెడుతుంది. దడి అవసరం ఆ దిబ్బ మీద అందరికంటే ఆమెకే ఎక్కువ. తక్కినవాళ్ళు తోకలోంచి తలా ఒక ఈక ఇచ్చారు. గొంతెమ్మ పొట్ట కింద ఉన్న మెత్తటి ఈకలన్నీ తెంపి ముందు పోసింది. గుడ్లు పెట్టే రోజులు కదే, ఒకటిస్తే సరిపోదా అని మొగుడు సన్నయ్య గొణిగాడు. దడి వచ్చాక పొట్టకు ఈకలెందుకయ్యా అని నవ్వింది.

ఈకలు కొండలా పోగయ్యాయి. వెన్నెల్లో దాన్ని చూసి హిమాలయం ఇటు నడిచి వచ్చిందనుకుని ఒక ముసలి కొంగ దండం కూడా పెట్టింది.

ఇంతలో దక్షిణాన మరో సరస్సు ఉందనీ, అక్కడి చేపలు ఈదలేనంతగా బలిశాయనీ లంబకంఠుడి చెవిన పడింది. మర్నాడే వాడు దిబ్బ మధ్యనున్న నల్లరాయి ఎక్కాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. వయసైందన్నాడు. కుర్రవాళ్ళకు దారి ఇవ్వాలన్నాడు. ఈసారి నిలబడటం లేదు, దక్షిణాన విశ్రాంతి తీసుకుంటానని ముగించాడు. పక్షులు ఏడ్చాయి. వాటి కన్నీళ్ళకు సరస్సు జానెడు పెరిగింది.

గొంతెమ్మ ఏడవలేదు. అప్పటికే ఆమె కింద నాలుగు గుడ్లున్నాయి. గుడ్ల మీద బోడి పొట్ట. దడి లేదు, ఈకలు లేవు, ఉత్తరపు గాలి మాత్రం వచ్చేసింది. నిలబడనివాడికి శాలువ ఎందుకు? శాలువే లేకపోతే ఆ ఈకలేమైనట్టు? గుడ్ల మీద సన్నయ్యను కూచోబెట్టి ఆమె బయల్దేరింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు లంబకంఠుడు ఆప్యాయంగా పలకరించాడు. ఈకలు భద్రంగా ఉన్నాయన్నాడు. రాజకీయమన్నాక ఏమో, రేపు మోకాళ్ళ నొప్పులు తగ్గితే మళ్ళీ నిలబడవలసి రావచ్చు, అందుకని దాచుతున్నానన్నాడు. ఒక్క గుప్పెడు ఇప్పించమని, గుడ్ల కిందికి చాలునని ఆమె బతిమాలింది. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి కదమ్మా అన్నాడు. అందరికీ ఇవ్వడంలో తప్పేమిటో మాత్రం చెప్పలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు మాట మారింది. పక్కన బుడుంగు అనే నీటికాకి నిలబడి ఉంది. పెద్దయ్య మునగమన్న చోట మునిగి, తేలమన్న చోట తేలే జీవి. ఆ ఈకలు బుడుంగుకు రాసిచ్చేశాను, నా తర్వాత వీడే నిలబడతాడని లంబకంఠుడు చెప్పాడు. మేం బుడుంగుకు ఇవ్వలేదు కదా అంది గొంతెమ్మ. పెద్దయ్యకిస్తేనేం, నాకిస్తేనేం, అంతా ఒక్క ఇల్లే అన్నాడు బుడుంగు. చూడబోతే వాడి రెక్కలో ఆమె ఈక ఒక్కటైనా లేదు. వాడికీ దక్కింది మాటే.

మూడోసారికి గాలి ఎంత ముదిరిందంటే, ఎగురుతున్న చేపకొంగ నోట్లోని చేప గడ్డకట్టి రాయిలా కింద పడి పీత తల పగిలింది. గొంతెమ్మ ఎగరలేక నడిచి వెళ్ళింది. ఈసారి లంబకంఠుడు ధర్మమన్నాడు. దక్షిణాన అలసిపోయిన పెద్దల కోసం ఒక విశ్రాంతి గూడు కట్టిస్తున్నాడట. ఈకలన్నీ దానికే ధర్మం రాశాడట. గూటికి ధర్మకర్త ఎవరంటే, ఆయన భార్య. అలసిపోయిన పెద్దలు ఎవరంటే, ప్రస్తుతానికి ఆయనొక్కడే.

"చలికి నా గుడ్లు చచ్చిపోతాయి పెద్దయ్యా" అంది గొంతెమ్మ.

"ఇవే గొంతెమ్మ కోరికలంటే" అని వాడు పగలబడి నవ్వాడు. బుడుంగు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆమె తిరిగి వచ్చేసరికి సన్నయ్య గుడ్ల మీదినుంచి లేచాడు. పక్కకు జరిగాడు. ముక్కు ఆనిస్తే మూడు గుడ్లు వెచ్చగా తగిలాయి. నాలుగోది సరస్సు అడుగున రాయిలా చల్లగా ఉంది.

గొంతెమ్మ దాన్ని చాలాసేపు పొట్ట కింద పెట్టుకుంది. పొట్టకు ఈకలు లేవు. అవి ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు.

తెల్లవారుతూనే లంబకంఠుడు ప్రయాణం కట్టాడు. కొండంత ఈకలు దక్షిణానికి ఎలా చేర్చాలి? బుడుంగును నమ్మలేదు. ధర్మకర్తయిన భార్యనూ నమ్మలేదు. లోకంలో వాడు నమ్మింది తన తిత్తినొక్కదాన్నే. దిబ్బ మేలుకోకముందే ఈకలన్నీ అందులో కుక్కాడు, ముక్కు మూశాడు. తిత్తి ఏనుగు కడుపులా వేలాడింది. ముక్కు చివర మాత్రం ఒక తెల్లటి మెత్తటి ఈక ఇరుక్కుని గాలికి ఊగింది. గొంతెమ్మ దాన్ని చూసింది. తన పొట్ట మీది ఈకను ఏ తల్లి గుర్తుపట్టదు?

తీతువు అరుపు అపశకునమంటారు. అది విన్నవాడు ప్రయాణం మానుకుంటాడంటారు. ఆనాడు గొంతెమ్మ అరిచిన అరుపుకు నిద్రపోతున్న నక్షత్రాలు రెండు రాలి సరస్సులో పడ్డాయి. దిబ్బ దిబ్బంతా లేచి నల్లరాయి చుట్టూ చేరింది.

"పెద్దయ్య వెళ్ళిపోతున్నారు. సెలవు చేప తినిపించకుండా పంపిస్తారా మీరు?" అంది గొంతెమ్మ.

అవునవునన్నారంతా. దిగిపోయే పెద్ద నల్లరాతి మీద నిలబడి, ప్రజల చేతి చేప ఒకటి అందరూ చూస్తుండగా నోరు తెరిచి తినాలి. అది తినకుండా వెళ్ళినవాణ్ణి ఏ సరస్సూ చేర్చుకోదు. ఆ ఆచారం ఎందుకు పుట్టిందో అందరూ మరచిపోయి ఏదో మర్యాద అనుకుంటున్నారు. రాతి కింద కాపురముండే తాబేలుకు మాత్రం జ్ఞాపకముంది. అతడు డిప్పలోంచి తల బయటికి పెట్టి, ఇవాళ తమాషా ఉందని మళ్ళీ లోపలికి తీసుకోలేదు.

సన్నయ్య ఒక పరిగె చేప తెచ్చి అందించాడు. లంబకంఠుడు తల అడ్డంగా ఊపాడు. పెద్దయ్యకు ఇవాళ ఉపవాసమని బుడుంగు చెప్పాడు.

ఒక కొంగ జెల్ల చేప తెచ్చింది. మళ్ళీ తల ఊపాడు. గొంతు వాచింది, మాట కూడా రావడం లేదన్నాడు బుడుంగు. పెద్ద లకుముకి ఒకతి ఆ తిత్తి వైపు చూసి, గొంతు మరీ అంత వాస్తుందా అని పక్కామెను అడిగింది.

మూడోసారి గొంతెమ్మ వెళ్ళింది. నీళ్ళలోకి దిగి, తనకంటే మూడింతలున్న బొంతచేపను ఒడ్డుకు తోలుకొచ్చింది. సన్నయ్య ఒక వైపు, ఆమె ఒక వైపు పట్టి రాతి మీదికి ఈడ్చారు. తినమని అడగలేదు. లంబకంఠుడి కాళ్ళ దగ్గర వదిలి పక్కకు తప్పుకుంది, అంతే.

చేప రాతి మీద టపటప కొట్టుకుంది. కొవ్వుకు ఎండలో మెరిసింది. లంబకంఠుడు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే వాసన వచ్చింది. ఎన్ని తరాలుగానో చేప కదిలితే నోరు తెరిచిన వంశం. వాడి బుద్ధి వద్దంటూనే ఉంది, వాడి ముక్కు తెరుచుకుంది.

అంతే. ఉత్తరపు గాలి ఆ తిత్తిలోకి దూరి వెనక్కి తిరిగింది. అబ్బా, ఆ దృశ్యం. ఈకలు బయటికి ఉరికాయి. తెల్లవి, నల్లవి, నీలివి, ముసలివాళ్ళవి, పసివాళ్ళవి. మధ్యాహ్నందాకా ఆకాశం కనిపించలేదు. పది ఆమడల దూరంలో పడవవాళ్ళు పత్తి వాన పడుతోందని బస్తాలు పట్టుకుని పరిగెత్తారు. దిబ్బ మీద ఒక్కొక్క పక్షీ తన ఈక తన ముందు పడగానే దాన్ని చూసింది, తర్వాత లంబకంఠుణ్ణి చూసింది. ఆ చూపులకు బుడుంగు నీళ్ళలో మునిగాడు. ఆ మునగడం మునగడం మళ్ళీ ఎక్కడ తేలాడో ఇప్పటికీ తెలియదు.

లంబకంఠుడు చేపను గుటుక్కున మింగి, సర్దుకున్నాడు.

"నేనేమన్నా దొంగిలించానా? మీరే ఇష్టపడి ఇచ్చారు. ఇచ్చినది నాది."

గొంతెమ్మ రాతి మీదికెక్కింది. ఆమె గొంతు ఈసారి పెద్దగా లేదు.

"నీకెవరిచ్చారు? నువ్వు నిలబడతానంటే నిలబడటానికిచ్చాం. దడి కడతానంటే దడి కోసమిచ్చాం. నిలబడవు, కట్టవు. అలాంటప్పుడు అది నీ తిత్తిలో ఉన్నా మా ఒంటిదే. ఆ ఈక కింద ఉండవలసిన నా బిడ్డ ఇవాళ రాయైంది. దాన్ని ఏ ధర్మంలో రాస్తావో రాయి."

 

తాబేలు గొంతు సవరించుకున్నాడు. సెలవు చేప ఎందుకు పెట్టారో తెలుసా అని అడిగాడు. వెళ్ళేవాడు నోరు తెరిచి చూపించాలని, మీది ఏదీ నాలో దాచుకోలేదని కళ్ళారా తెలియాలని పెట్టారన్నాడు. మీరు దాన్ని విందు చేసుకుని చప్పట్లు కొట్టి పంపుతున్నారు, ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు ఎన్నెన్ని మింగి వెళ్ళారో అని కూడా అన్నాడు. పక్షులు తలలు దించుకున్నాయి. ఆ సిగ్గులో సగం తమ మీది కోపమే.

అప్పుడు తీర్పు జరిగింది. ఎవరి ఈక వాళ్ళు తీసుకున్నారు. చనిపోయినవాళ్ళవీ, వలసపోయినవాళ్ళవీ ఎవరూ ముట్టుకోలేదు. వాటిని దిబ్బ నడుమ గుంటలో పరిచి, దిక్కులేని గుడ్లకు పక్క చేశారు. లంబకంఠుడికి మాత్రం సెలవు దొరకలేదు.

"దడి కడతానన్నావుగా. తుంగ దొరకలేదనుకుంటా. నువ్వే దడివై నిలబడు" అంది గొంతెమ్మ.

నిలబెట్టారు. దిబ్బకు ఉత్తరాన, రెక్కలు రెండూ బారచాపి, ముక్కు గాలికి పెట్టి, గుడ్లన్నీ పిల్లలయ్యేదాకా లంబకంఠుడు నిలబడ్డాడు. ఆ రెక్కలకు కొట్టుకుని ఉత్తరపు గాలి వెనక్కి వెళ్ళి హిమాలయంలో ఫిర్యాదు చేసిందంటారు. మోకాళ్ళ నొప్పులు నిజంగానే వచ్చాయి. తర్వాత వాడు వెళ్ళిపోయాడు. ఎవరూ ఏడవలేదు, సరస్సు చుక్క పెరగలేదు.

గొంతెమ్మ గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. నాలుగోదాన్ని ఆమె నల్లరాతి పక్కనే పాతిపెట్టింది. ఆనాటినుంచి దిగిపోయే ప్రతి పెద్దా ముందు ఈకలన్నీ అక్కడ పోసి, ఇచ్చినవాళ్ళకు అప్పజెప్పి, ఆ తర్వాతే చేప కోసం నోరు తెరుస్తాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, జనం ఇచ్చింది మనిషికి కాదు, పనికి. పని మానుకున్నవాడు మిగిలినదంతా ఇచ్చినవాళ్ళ ముందు పెట్టి మరీ గడప దాటాలి. ఇంకా ఎవరి చెయ్యయినా పైనే ఉంటే, నత్తలదిబ్బకు వెళ్ళి నల్లరాయి తట్టండి. తల బయటికి పెట్టే సాక్షి పేరు డిప్పల పేరయ్య.