బరిలో దిగిన దేవుడు

కందిమల్ల రాజ్యంలో ఓ వింత ఆచారం ఉండేదిలెండి. ఏటా కోతలయ్యాక రాజుగారు దేవుడి వేషం కట్టేవారు. చీట్లలో పేరొచ్చినవాడికి రాక్షసుడి వేషం వేయించి, బరిలో నిజం కత్తితోనే నరికేవారు. ఆ పూట ఆయన సాక్షాత్తూ దేవుడేనని జనమంతా మొక్కాలి.

ఆ ఏడు గంపలల్లే ఓబులేసు పేరొచ్చింది. బరిలో దిగీదిగగానే వాడు కత్తి పారేసి రాజుగారి కాళ్లు పట్టేసుకున్నాడు. “శరణు స్వామీ!”

“లేరా వెధవా, యుద్ధం చెయ్యి!” అని రాజుగారు పళ్లు నూరారు.

“శరణన్నవాణ్ణి దేవుడు చంపడు కదండీ. రాజుగారైతే చంపుతారనుకోండి. ఇంతకీ ఇవాళ తమరెవరు స్వామీ?” అని ఓబులేసు అందరికీ వినపడేలా అడిగాడు.

జనం చెవులు రిక్కించారు. రాజుగారు చేసేది లేక అభయహస్తం చూపించారు. “ఆహా, ఏం దయ!” అని జనం దండాలు పెట్టారు.

మరుసటి ఏడు రాక్షసుడి వేషానికి ఊరంతా ఎగబడింది. దేవుడి వేషం కట్టాల్సిన రాజుగారికి మాత్రం నడుం పట్టేసిందట!