ఘాటెక్కిన ఫ్యాను

లోలాక్షికి కోపం వచ్చింది. ఫ్యాను తిరగడం లేదు. తిరుగుతోంది కానీ, దాన్ని తిరగడం అనరు.

సాలూరులో దాలయ్య మేస్త్రి లారీ షెడ్లో ఆమె పని నేర్చుకుంటోంది. చేతిలో పనితనం ఉంది. నోరు అంతకన్నా ముందుంటుంది. ఆడపిల్లకి స్పానరేమిటని ఒక డ్రైవరు గొణిగితే, అతను టీ తాగి వెళ్ళిపోయాక కూడా ఆమె జవాబు సాగుతూనే ఉండేది. మేస్త్రి వినేవాడు. ఏమీ అనేవాడు కాదు.

ఇన్నాళ్ళకి ఆమె చేతికి ఒక ఇంజను వచ్చింది. తవిటినాయుడి లారీ అది, వాళ్ళ నాన్న నాటిది. ఫ్యాను రెక్క పగిలింది. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. ఆ పాత ఫ్యాను ఇంజను తిరిగినంతసేపూ తిరిగేది. క్యాబిన్లో పక్కవాడి మాట వినబడేది కాదు. దాని బదులు కొత్త లారీలకుండే క్లచ్ ఫ్యాను పెడదామంది లోలాక్షి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ క్లచ్, ఫ్యానుని వదిలేస్తుంది. రేడియేటర్ నుంచి వేడిగాలి తగిలితే పట్టుకుంటుంది.

నాయుడికి నమ్మకం కుదరలేదు. ఘాటు మీద నీళ్ళు మరిగాయంటే అంతా విప్పించి ఇంకో షెడ్డుకి పోతానన్నాడు. మరగకుండా ఎక్కితే మాత్రం ఇకనుంచి ఇంజను పనులన్నీ లోలాక్షివే అన్నాడు మేస్త్రి.

ఆమె ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది. పడుకోబెడితే లోపలి నూనె కారిపోతుందని, బిగించేదాకా క్లచ్‌ని గోడకి ఆనించి నిలబెట్టే ఉంచింది. రెక్కలకీ రేడియేటర్‌కీ మధ్య వేళ్ళు దూర్చి దూర్చి సందు చూసుకుంది.

తీరా పొద్దున్న స్టార్ట్ చేస్తే, ఫ్యాను కాసేపు అరిచి, ఆ తర్వాత నీరసంగా తిరగసాగింది.

"ఏటి మేస్త్రీ," అన్నాడు నాయుడు, "పెళ్ళిచూపుల్లో కూకున్నట్టుంది మీ ఫ్యాను. తలెత్తట్లేదు."

షెడ్డంతా నవ్వింది. లోలాక్షి అతనికి ఇవ్వాల్సింది ఇచ్చింది, వాళ్ళ నాన్నని కూడా కలిపి. ఆ ఊపులోనే స్పానరు తీసింది. డైరెక్ట్ చేసేస్తానంది. ఘాటు రోడ్డు డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే అది. క్లచ్‌కి అడ్డంగా బోల్టులు బిగించేస్తే ఇక పట్టడం, వదలడం ఉండవు. ఇంజను చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా ఫ్యాను అరుస్తూనే ఉంటుంది.

మేస్త్రి డబ్బాలోంచి నాలుగు బోల్టులు ఏరాడు. గుడ్డతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు.

"దారిలో నీకెక్కడ అవసరమనిపిస్తే అక్కడ బండి ఆపించి బిగించు," అన్నాడు. వెళ్ళి క్యాబిన్లో కూర్చున్నాడు.

సిమెంటు లోడుతో బండి కదిలింది. ఊరు దాటినా ఫ్యాను చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం మీద నాయుడు వరసగా హాస్యాలాడాడు. ఒక్కదానికీ బాకీ ఉంచకుండా లోలాక్షి తిప్పికొట్టింది. మేస్త్రి కిటికీలోంచి జీడిమామిడి తోటలు చూస్తున్నాడు.

ఘాటు మొదలైంది. బండి రెండో గేరులోకి దిగింది. వేడి చూపే ముల్లు మెల్లగా లేచింది. ఇంకాస్త లేచింది. నాయుడి హాస్యాలు ఆగిపోయాయి. స్టీరింగ్ మీద చేతులు బిగుసుకున్నాయి.

"ఆపేస్తాను పాపా. ఆ బోల్టులేవో బిగించీ," అన్నాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

లోలాక్షి మేస్త్రి వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. పిడికిట్లో బోల్టులు చెమటకి తడిశాయి. రెండో చెయ్యి క్యాబిన్ మధ్యనున్న ఇంజను మూత మీద ఆనించింది. వేడి పైకి వస్తోంది. కానీ ఇంకా క్లచ్ పట్టుకునేంత రాలేదు.

"ఆపొద్దు," అంది.

ఆ ఒక్క మాటకి నాయుడు యాక్సిలరేటర్ మీంచి తీయబోయిన కాలు తీయలేదు.

తర్వాతి మలుపులో ఫ్యాను పట్టుకుంది. ముందు నుంచి గాలివాన లేచినట్టు హోరు. క్యాబిన్ అద్దాలు అదిరాయి. ముల్లు ఉన్నచోటే కాసేపు తచ్చాడి, వెనక్కి జరగడం మొదలెట్టింది. ఘాటు పైదాకా ఎవరేం మాట్లాడినా వినబడేది కాదు.

పైన రోడ్డు చదునైంది. ఇంకొంచెం దూరం పోయాక హోరు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

నాయుడు కంగారుపడ్డాడు. "మళ్ళీ ఊరుకుందేటి మేస్త్రీ?"

"నన్నడుగుతావేం?" అన్నాడు దాలయ్య. "బిగించినావిణ్ణి అడుగు."

నాయుడు లోలాక్షి వైపు తిరిగాడు. "ఏటయిందమ్మా?" అన్నాడు.

పొద్దుటి నుంచి అతని కోసం దాచిపెట్టుకున్న మాటలు ఆమె నాలుక చివర వరసకట్టి ఉన్నాయి. నోరు తెరిచింది.

"ఏమీ అవలేదు నాయుడుగారూ. వేడి దిగింది. ఇప్పుడు దానికి అరవాల్సిన పని లేదు."

అని, తనన్న మాట తనే వింటున్నట్టు ఊరుకుంది.